పీతలు ఒలిచే చెయ్యి

శాంటా క్రూజ్ బీచ్‌కి ఎదురుగా ఉన్న థాయ్ రెస్టారెంట్, బయట వేసిన బల్ల. శాన్ రామన్ నుంచి సెలవులకి వచ్చిన నలుగురు: రాగిణి, భర్త దివాకర్, కూతురు దేదీప్య, అత్తగారు చాముండేశ్వరి. పీతల కూర వచ్చేసింది. రాగిణి కోసం ఆర్డర్ చేసింది ఇంకా రాలేదు.

“అసలు నన్నడక్కుండా టోఫూ ఎందుకు చెప్పావంటున్నాను.”

“అబ్బ, ఇంకా అదేనా రాగిణీ? ఎప్పుడూ నువ్వు తినేది అదేగా.”

“ఎప్పుడూ చెప్పేది నువ్వేగా.”

“సరే, మెనూ మళ్ళీ తెప్పించనా? టోఫూ కాకపోతే వంకాయ. వెజ్‌లో రెండే ఉన్నాయి. ఫిష్ సాస్ వెయ్యొద్దని రెండుసార్లు చెప్పాను కూడా.”

“నాన్నా, ఇది బ్రేక్ అవట్లేదు.”

“అమ్మకివ్వు దేదీప్యా. నాది కూడా... రాగిణీ, ఆ పెద్ద కాలు కొంచెం.”

“ఇలా తే. కణుపు దగ్గర నొక్కి తిప్పాలి తల్లీ. మధ్యలో విరిచావంటే పెంకు గుచ్చుకుంటుంది. ఊఁ, ఇప్పుడు లాగు. చూశావా, మొత్తం ఊడొచ్చింది.”

“వావ్! నీకెలా తెల్సు అమ్మా? నువ్ వెజిటేరియన్ కదా!”

“యూట్యూబ్‌లో చూసుంటుందిలే. నువ్వు తిను.”

“యూట్యూబేంటి దివాకర్?”

“ఇప్పుడెందుకు అవన్నీ...”

“మా నాన్న నేర్పాడు తల్లీ. మచిలీపట్నంలో మాకు ఆదివారమంటే పీతలే. నీ అంతున్నప్పుడు మా చెల్లికి నేనే ఒలిచి పెట్టేదాన్ని.”

“నువ్ తినేదానివా? ఫిష్ కూడా? నాకెవరూ చెప్పలేదు!”

“చెప్పుకునేంత విషయమేం కాదులే అమ్మడూ. పెళ్ళికి ముందు సంగతి. మానేసింది.”

“వై, నానమ్మా? ఎలర్జీయా?”

“ఎలర్జీ కాదు. మనింట్లో తినరు.”

“నాన్న తింటున్నాడుగా. నేనూ తింటున్నా.”

“మీ నాన్న బయట తింటాడు, ఇంటికి తేడు. మగవాడు, ఆఫీసులు, పార్టీలు, ఏం చేస్తాం? నువ్వా, చిన్నపిల్లవి. దేవుడికి వండే చెయ్యి వేరు.”

“ఆ చేతుల్తోనే పీతలు ఒలుస్తున్నాను అత్తయ్యా.”

“కడుక్కుంటావు కదమ్మా.”

“నోరు కూడా కడుక్కుంటాను.”

“రాగిణీ, ప్లీజ్. సీన్ చెయ్యకు. పక్క టేబుల్ వాళ్ళు చూస్తున్నారు.”

“గట్టిగా మాట్లాడుతున్నానా?”

“గట్టిగా కాదు, కానీ... అంత తినాలనుంటే నాతో విడిగా చెప్పొచ్చుగా. రేపు అమ్మ రూమ్‌లో పడుకున్నప్పుడు నేనొచ్చి టు-గో కట్టించుకుంటాను. కార్‌లో తిందువుగాని.”

“కార్‌లో.”

“ఎవరికీ ఇబ్బంది లేకుండా.”

“నువ్వు సముద్రం చూస్తూ తింటావు. నేను పార్కింగ్ లాట్‌లో తలుపులేసుకుని తినాలి.”

“తిననని ఒప్పుకుంది నువ్వే కదా అప్పుడు?”

“ఒప్పుకున్నాను. అప్పుడు నువ్వూ తినవు. ఎమ్మెస్ చదివేటప్పుడు నేను చేపల కూర బాక్స్ తెరిస్తే లేచెళ్ళి పక్క టేబుల్ దగ్గర కూర్చునేవాడివి.”

“టేస్టులు మారతాయి రాగిణీ.”

“నీకు మారాయి. నాకు మారలేదు.”

“నేనెప్పుడైనా బలవంతం చేశానటమ్మా?”

“లేదత్తయ్యా. చీకటితోనే లేచి, తలస్నానం చేసి, మీకు మడి వంట చేసి, దేవుడికి పెట్టి, అప్పుడు శాంటా క్లారా దాకా డ్రైవ్ చేసుకుంటూ ఆఫీస్‌కి పోతున్నాను. జ్వరమొచ్చినా అంతే. ఎవరూ బలవంతం చెయ్యలేదు.”

“విన్నావురా? నాకు ఇంత ముద్ద వండి పెట్టడం బరువైపోయిందట.”

“తను అలా అనలేదమ్మా...”

“అలాగే అన్నాననుకో దివాకర్.”

“అమ్మా, ఇదిగో, ఈ కాలు టేస్ట్ చెయ్. చాలా బాగుంది. కోకొనట్ మిల్క్ ఉంది.”

“దేదీప్యా! అమ్మ నోటి దగ్గర పెడతావేంటి? చెయ్యి తియ్!”

“వై? తనే కదా ఒలిచింది!”

“తిననీరా, తిననీ. ఆపడానికి నేనెవర్ని? కానీ రాగిణీ, ఒక్కటే మాట. అది నోట్లో పెట్టుకున్నాక మళ్ళీ నా వంట చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. నా దేవుడికి నీ చేతి వంట పెట్టను.”

“అంత మాటెందుకమ్మా? రాగిణీ, ఊరికే సారీ చెప్పేయ్. అదిగో, నీ టోఫూ తెస్తున్నారు...”

“అత్తయ్యా, కోపంలో అంటున్నారా, నిజంగానే అంటున్నారా?”

“నిజంగానే. పెద్దదాన్ని, మాట మారుస్తానా?”

“మార్చకండి. దివాకర్, దేదీప్యా, మీరూ వినండి. ఇంటికెళ్ళాక మడి వంట నేను చెయ్యను. ఎవరు చేస్తారో మీరు మీరు మాట్లాడుకోండి. ఆ కాలు ఇలా ఇవ్వు తల్లీ.”