మౌలాలి కార్డు

2003లో విజయవాడలోని ఒక పాత లైబ్రరీలో, కొత్తగా వచ్చిన కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు రిటైర్మెంటుకు దగ్గరపడిన లైబ్రేరియన్, ఇంకొకరు ఆవిడకు సాఫ్ట్‌వేర్ నేర్పడానికి వచ్చిన కుర్రాడు.

"దీంట్లో పేరూ ఊరూ ఉన్నాయి గానీ, వృత్తి రాయడానికి చోటు లేదు బాబూ. మా సభ్యుల పాత కార్డుల్లో ఉంటుంది."

"ఇదిగో, చేర్చాను మేడమ్. ఒక పాత కార్డు ఎక్కించి చూడండి."

"షేక్ మౌలాలి, కొండపల్లి, బొమ్మల పని. ఈయన పోయి ఆరేళ్లయింది. మా దగ్గర మూడొందల పుస్తకాలు చదివాడు."

కుర్రాడి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

"ఆ కార్డు ఒకసారి ఇవ్వండి మేడమ్."

"ఏమైంది బాబూ, అలా అయిపోయావు?"

"ఈయన మా అమ్మ వాళ్ల నాన్న. ఆయనకి చదువు రాదు మేడమ్. రేషన్ షాపులో కూడా వేలిముద్రే వేసేవాడు."

"ఇక్కడ సంతకం చూడు. అక్షరాలు నేనే నేర్పాను, రెండేళ్లు పట్టింది. వారం వారం వన్ టౌన్ కొట్లలో బొమ్మలు ఇచ్చేసి, ఇటే వచ్చేవాడు."

"పోయేదాకా మా అమ్మ చేత రోజూ పేపరు చదివించుకున్నాడు. మా దగ్గర ఎందుకు దాచాడు?"

"నేనూ అడిగాను. 'మా అమ్మాయి బీబీజాన్‌ని ఐదో క్లాసులోనే బడి మాన్పించేశానండీ. నాకు చదవడం వచ్చని తెలిస్తే, అది ఇంక పేపరు ముట్టదు' అన్నాడు."

కుర్రాడు కార్డు జాగ్రత్తగా ఆవిడ చేతికి తిరిగి ఇచ్చాడు.

"అమ్మ ఇప్పటికీ పేపరు పైకే చదువుతుంది మేడమ్."