పోయినేడాది కొమ్మ

ముందు ఆ గొడ్డలి కింద పెట్టరా. అది చేతిలో పట్టుకుని నాతో మాట్లాడకు.

ఏమిటా చూపు? అవును, "రా" అనే అన్నాను. బయట నలుగురిలో నేనూ అందరిలాగే "అయ్యగారూ" అంటాను. ఈ గదిలో నువ్వూ నేనూ పాటల పుస్తకాల కుప్పా తప్ప ఎవరున్నారు? నీ ముక్కు తుడిచి పెంచిన అక్కని. కూర్చో.

పొద్దున ప్రసంగం బాగానే దంచావు. బైబిల్లో అంజూరపు చెట్టు కథ. యజమాని వచ్చాడు, మూడేళ్లుగా చూస్తున్నాను, ఒక్క పండూ లేదు, నరికెయ్యి అన్నాడు. అక్కడ టపీమని పుస్తకం మూశావు. మూసి ఎటు చూశావు? కిటికీలోంచి మన వాకిట్లో కాయని అంజూరపు చెట్టుని. తర్వాత మూడో బెంచీ చివర కూర్చున్న నీ కూతుర్ని. అందరి తలలూ నీ కళ్ల వెంటే తిరిగాయి. ఎవరికీ మెడ పట్టెయ్యలేదు, అదే నయం!

అది లేచి బయటికి నడుస్తుంటే, అంతమంది ముందూ, "ఇక ఇంటి గుమ్మం తొక్కొద్దు" అన్నావు. ఇరవై ఏళ్ల పిల్లని. తల్లి లేని పిల్లని.

సరే, నాకొక్కటి చెప్పు. ఆ కథ అక్కడితో అయిపోయిందా? నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టి బతికేదాన్నే, కానీ ఆ పేజీ నా దగ్గరా ఉంది. తర్వాత తోటమాలి నోరు విప్పుతాడు. అయ్యా, ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అంటాడు. యజమాని మాట చదివి, పనివాడి మాట మింగేశావేం? గొంతు ఎండిపోయిందా?

ఏమన్నావు? మూడేళ్లు ఎదురుచూశావా? ఎదురుచూడ్డం వేరు, కాపలా కాయడం వేరు నాయనా.

అసలు ఆ చెట్టెందుకు కాయలేదో నన్ను అడిగావా ఎప్పుడైనా? ప్రతి చలికాలం నువ్వే పిలుస్తావు. "అక్కా, గోడ దాటి పోతోంది, మందిరం ముందు పద్ధతిగా ఉండాలి, గుండ్రంగా కత్తిరించు" అంటావు. నేను కత్తిరిస్తాను. ఈ రకానికి కాయ కొత్త చిగురు మీద రాదురా, పోయినేడాది కొమ్మ మీద వస్తుంది. చలికాలంలోనే ఆ కొమ్మ చివర మిరియపు గింజంత బొడిపె ఉంటుంది. అదే కాయ. నాకు కనిపించేది. అయినా కత్తెర వేశాను. మూడు చలికాలాలు. ఎండలు రాగానే ఆకులు ఏపుగా వచ్చేవి, చెట్టు బంతిలా ముద్దొచ్చేది, పెద్దలు నిన్ను మెచ్చుకునేవారు. పండేదీ అని నువ్వు చెట్టునే నిలదీశావు!

ఎందుకు చెప్పలేదా? పెద్దల ముందు నిన్ను కాదనలేక. అయ్యగారి అక్క అనిపించుకోవడం నాకు బాగుండేది. అంత చవకబారు కారణం.

పిల్ల సంగతీ అంతే కదరా. పదిహేడేళ్లకి సొంతంగా పాట రాసుకుంది. "విన్నావో లేదో తెలియదు, పిలుస్తూనే ఉన్నాను" అని దేవుడితో అంది. నువ్వు ఆ చరణం కొట్టేసి పాడమన్నావు. పాడలేదు. అమ్మ కోసం అంతమంది చేసిన ప్రార్థన ఎటు పోయింది అని తర్వాత ఒకసారి నాతో అంది. నీతో కాదు, నాతో. మరుసటి ఆదివారం నువ్వు వేదిక మీంచి, "మన మధ్య ఒకమ్మాయి దేవుణ్ణి బోనెక్కిస్తోంది" అన్నావు. జనం నవ్వారు. ఆ రోజు మూసిన నోరు మందిరంలో మళ్లీ తెరవలేదు.

అనుమానం అంటే పచ్చికాయరా. గిల్లితే పాలు కారతాయి, నోరు పొక్కుతుంది. పచ్చిగా ఉండకుండా తిన్నగా పండైన కాయ ఏ తోటలో చూశావు నువ్వు?

తల దించుకోకు. నిన్నొక్కణ్ణే అనడానికి నాకు నోరెక్కడిది? పాట కాగితం తెచ్చి నీ బల్ల మీద పెట్టింది నేనే. ఆ ప్రశ్న మోసుకొచ్చిందీ నేనే. పిల్ల బాగు కోసం అన్నాను కదూ? ఒట్టి అబద్ధం. కబురు తెచ్చిన రోజు కుర్చీ వేసి, టీ ఇచ్చి, "ఇంకా ఏమందక్కా" అని అడిగేవాడివి. మిగతా రోజుల్లో గేటు దగ్గరే మాట్లాడి పంపేసేవాడివి.

ఒక్క ఏడాది ఇంట్లో ఉండనివ్వమని దాని కోసమే అడుగుతున్నాననుకుంటున్నావా?

ఇందాక ఇంటికెళితే నా మెట్ల మీద కూర్చుని ఉంది. "నీకు తప్ప ఎవరికీ ఏదీ చెప్పలేదత్తా, నాన్నకి ఎలా తెలిసేది?" అంది. "నాకేం తెలుసే" అన్నాను. నమ్మేసింది. నా మంచం మీద పడి నిద్రపోయింది.

వచ్చి తీసుకుపోరా. లేచాక మళ్లీ ఏదో చెబుతుంది. విని నీకు మోసుకురాకుండా ఊరుకుంటానని నా మీద నాకే నమ్మకం లేదు.