పెట్టె బయటి చుక్కను చదివిన పరుశురాం గారు

సచిన్ అనే ఊరి పారిశ్రామికవాడలోని మన నేత మిల్లులో 1994 జూన్ 6వ తేదీన బట్ట తనిఖీదారుగా చేరిన శ్రీ పరుశురాం గారు, నేడు నాణ్యతా విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. సిరిసిల్ల నుండి వచ్చిన నేతకుటుంబీకులు వారు. తొలినాళ్లలో బట్టను వేళ్లతో తడిమి లోపం చెప్పేవారు.

కంప్యూటర్లు వచ్చిన పిమ్మట బాక్స్ ప్లాట్లనే పెట్టె పటాలను అంతే శ్రద్ధతో అభ్యసించి, మాకందరికీ బోధించారు. "సగటు అందర్ని ఒక్క గొంగట్ల కప్పుతది. దాన్ని నమ్మకుండ్రి" అనేవారు. షిఫ్టుకెన్ని దారాలు తెగాయో ఆ సంఖ్యలను చిన్నదాని నుండి పెద్దదాని వరకు పేరిస్తే, నట్టనడిమి విలువ పెట్టెలోని గీత. కింది పావు, పై పావు పోగా మిగిలిన సగం పెట్టె. పెట్టె పొట్టిదైతే మగ్గం నిలకడైనది, పొడుగైతే రోజుకో తీరు. పెట్టెకు పైనా కిందా సాగే మీసాల్లాంటి గీతలను సైతం దాటి ఒంటరిగా నిలిచేది చుక్క.

పటాలు గోడకెక్కిన కొత్తలో నేత కార్మికుడు కనకయ్య మగ్గానికి అందరికంటే పొట్టి పెట్టె, పైన ఎక్కడో ఒకే చుక్క వచ్చాయి. మనవాళ్లు ఊరుకుంటారా! కనకయ్య సంబరపడి, భార్య నర్సవ్వ చేత ఆ చుక్క మీద కాటుక దిద్దించాడు. "మా సాంచ మంచిగ నడుస్తుందని సారే దిష్టిచుక్క పెట్టిండు" అని తన మగ్గం పటాన్ని అందరికీ చూపించుకున్నాడు.

పరుశురాం గారు మాత్రం ఆ పటాన్ని ప్రతివారం పోల్చి చూశారు. పెట్టె కదలదు, చుక్క మాత్రం వారం వారం పైకి పోతోంది. "మిషన్ గల్తీ, ఆ చుక్క తీసెయ్యి" అన్నారు పై అధికారులు. పరుశురాం గారు తీయలేదు. మగ్గం పక్కన నిలబడి చూస్తే ఒక్క పోగూ తెగేది కాదు, ఎవరో చూపును పసిగట్టినట్టు. ఒక మధ్యాహ్నం పై అంతస్తు మగ్గాలన్నీ ఒక్కసారి నడిచినప్పుడు పోగులు గుత్తిగా తెగాయి. తెగిన కొసలకు సిమెంటు పొడి అంటుకుంది. వారు తలెత్తి చూస్తే పైన స్లాబు బీటలు వారి ఉంది.

"కనకయ్యా, సాంచ బందువెట్టు, బయటికి రా!"

"షిఫ్టు ఖరాబైతది సార్, జర ఆగుండ్రి."

ఏనాడూ గొంతు పెంచని పెద్దమనిషి, అతని చొక్కా పట్టి ఈడ్చుకొచ్చారు. వారు గుమ్మం దాటారో లేదో, కనకయ్య నిలబడే చోటనే స్లాబు కూలింది.

ఆ మగ్గాన్ని తీసేశారు. దాని తెగిన దారాలను లెక్కించే మీటరునూ విప్పేశామని కంప్యూటరు విభాగం ఒట్టేసి చెబుతోంది. అయినా ఆ ఖాళీ స్థలం పేర అప్పుడప్పుడు పటం వస్తూనే ఉంది: పెట్టె లేదు, గీత లేదు, ఒక్క చుక్క. మాకు భయమే, దాచుకోవడమెందుకు? "దాన్ని తుడ్వకుండ్రి. అది కనవడ్డనాడు మీద జూడుండ్రి" అన్నది వారి చివరి ఆదేశం.

నిన్న ఆ చుక్క మళ్లీ పడింది. అందుకే ఈ వీడ్కోలు సభను, వారి మాటపై, హాలులో గాక ఆరుబయట ఏర్పాటు చేశాం. ఎండకు అతిథులు మన్నించగలరు. వారి చెంపన కాటుకచుక్క పెట్టడానికి నర్సవ్వ ముందు వరుసలోనే కూర్చుంటుంది. పరుశురాం గారు ఆరోగ్యవంతులై, మా అందరి ఆయుష్షుల పెట్టెను, మీసాలను దాటి, ఎక్కడో పైన ఒంటరి చుక్కగా నిలవాలని మనసారా కోరుకుంటున్నాం.