గడ్డం దగ్గర ఆగే గుండు

ఈ సభకు అధ్యక్షులుగా, పెద్దదిక్కుగా కూర్చున్న ప్రిన్సిపాల్ గారికి, ఇవాళ్టితో మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటును దిక్కులేనిదాన్ని చేసి రిటైరై వెళ్లిపోతున్న మా సార్‌కి, ఆయన్ని ఇన్నేళ్లు మాకు ఎరువిచ్చి ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి అంత ఉత్సాహంగా కనిపించని అమ్మగారికి, తోటి లెక్చరర్లకి, భోజనాల వాసన తగిలిన దగ్గర్నుంచి తలుపు వైపే తిరిగి కూర్చున్న విద్యార్థులకి నమస్కారం.

సార్‌ని అందరూ గుండు సార్ అంటారు. కొత్తగా వచ్చే తల్లిదండ్రులు బట్టతల కోసం వెతికి, ఈ దట్టమైన క్రాపు చూసి, ఈయన కాదులే అనుకుని వెళ్లిపోతుంటారు. (నవ్వులు) ఆ గుండు ఇదీ, నా పక్కన, పైకప్పు కొక్కేనికి తాడుతో వేలాడుతున్న ఈ ఇనప గుండు. ఏళ్ల కిందట సార్ ఆటల మాస్టారి గదిలోంచి ఒక్క గంటకని తెచ్చింది. అలా చూడకండి మాస్టారూ, ఆ గంట ఇంకా అవలేదు.

మొదటి ఏడాది పిల్లలకి మొదటి పాఠం దీంతోనే. సార్ గుండును గడ్డానికి ఆనించుకుని వదిలేస్తారు. వీపు గోడకి ఆనించరు, గోడ ఉంటే ధైర్యం ఎవరిదో తెలియదంటారు. పైన ఉన్నప్పుడు దానిది స్థితిశక్తి, కిందికి దూసుకొచ్చేటప్పుడు గతిశక్తి, ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుందే గానీ రెండూ కలిపిన మొత్తం పెరగదు కాబట్టి, బయల్దేరిన ఎత్తు కంటే వెంట్రుకవాసి కూడా పైకి ఎక్కలేదు, పైగా దారిలో గాలికి కాస్త సమర్పించుకుని గడ్డానికి ఇవతలే ఆగిపోతుంది. షరతు ఒక్కటే. వదలాలి, తొయ్యకూడదు.

ఈ షరతు విలువ అధ్యక్షుల వారికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చేరిన కొత్తలో తామూ నిలబడతామని ముందుకొచ్చి, గుండు బద్ధకిస్తుందేమోనని పాపం చిన్న తోపు తోశారు. ఆ వారం తీసిన గ్రూపు ఫొటోలో వారి గడ్డం మీది ప్లాస్టర్ ఆఫీసు గదిలో ఇప్పటికీ దర్శనమిస్తుంది. (నవ్వులు. అధ్యక్షులు కూడా, కాస్త ఆలస్యంగా)

ఇంట్లోనూ ఇదే చాదస్తమట. మనవరాలిని ఉయ్యాల్లో కూర్చోబెట్టి, ఒక్కసారి వెనక్కి లాగి వదిలి, చేతులు కట్టుకుని నిలబడతారట. తొయ్యి తాతయ్యా అంటే, తోస్తే ప్రయోగం చెడుతుంది తల్లీ అంటారట. ఉయ్యాల పూర్తిగా ఆగిపోయాక ఆ పిల్ల, నువ్వెళ్లి అమ్మమ్మని పంపు అందట. అమ్మగారే చెప్పారు.

ఇక అసలు సంగతి. సార్ తర్వాత ఈ గుండు ముందు నిలబడేవాళ్లు లేకపోతే కొక్కేనికి ఫ్యాను తగిలిస్తామని అధ్యక్షులు ముందే చెప్పేశారు. ఇకమీద ఆ పాఠం నాదే గనక నిలబడాల్సింది నేను. ఇదే గదిలో సార్ దగ్గర చదువుకున్న రోజుల్నుంచి ఎప్పుడు నిలబడ్డా గుండు వెనక్కి వచ్చేసరికి నేనూ వెనక్కి జరిగాను. పిల్లలూ, నన్ను మీరు వెనకడుగు మేడం అంటారని తెలుసు. చివరి బెంచీ నాయనా, నవ్వు అలా బిగబట్టుకోకు, ఆరోగ్యానికి మంచిది కాదు. సూత్రం నా బుర్రకి ఎక్కింది, గడ్డానికే ఎక్కలేదు. నిన్న కూడా జరిగాను. సార్ తిట్టలేదు. నీకు లెక్క మీద నమ్మకం లేదమ్మా అన్నారు. తిట్టినా బావుండేది.

నాకు లెక్క మీద నమ్మకం ఉంది సార్. రేపట్నుంచి పక్క కుర్చీలో మీరుండరన్నదే ఇంకా లెక్కలోకి రావడం లేదు.

సరే, ఇప్పుడే తేల్చేద్దాం. ఆటల మాస్టారూ, ఈ మైకు కాస్త పట్టుకోండి, గుండు మీద ఓ కన్నేసినట్టూ ఉంటుంది. నేను కళ్లు మూసుకుంటాను. మూసుకోకూడదని షరతుల్లో లేదు.

(గుండు వదలడం. కుర్చీ పడిన చప్పుడు. కలకలం)

మైకు ఇలా ఇవ్వండి. నా గడ్డం నా దగ్గరే ఉంది. కాకపోతే కళ్లు తెరిచేసరికి దానికీ గుండుకీ మధ్య ఒక చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో మీరే చూశారు. ప్రకృతి మాట తప్పదు, కదలకండి అని ఇన్ని తరాల పిల్లలకి చెప్పిన మనిషి, ముందు వరసలోంచి కుర్చీ పడేసి మరీ వచ్చి గుండు పట్టేసుకున్నారు. లెక్క మీద నమ్మకం లేదా సార్ అన్నాను. ఆయన జవాబు మైకుకి అందలేదు గనక నేనే చెప్తాను.

"నా గడ్డం వరకైతే నమ్మకం ఉందమ్మా," అన్నారు.



అధ్యక్షుల వారూ, నేను కదల్లేదు. కదిలింది సార్. ఆ ఫ్యాను ఇంకో చోట పెట్టించండి. (అధ్యక్షులు గడ్డం తడుముకుంటూ తల ఊపారు) సార్, మీరు ప్రయోగం చెడగొట్టారు, మళ్లీ చెయ్యాలి. కాలేజీ తెరిచిన రోజు కొత్త పిల్లలతో పాటు మీరూ రండి. కాకపోతే చివరి బెంచీలో కూర్చోవాలి, అక్కణ్నుంచైతే అందుకోలేరు.

ఓపిగ్గా విన్నవాళ్లకి, ఆకలితో విన్నవాళ్లకి, ఇంకా గుండు వదలకుండా అలాగే నిలబడ్డ మా సార్‌కి కృతజ్ఞతలు. సెలవు.