కుర్చీ మరిచిన క్యాంపు

హలో… ఆ, నేనే. నోలీన్‌ని.

…పొద్దున్నే నీకు ఫోన్ చేసి ఇలా రొప్పేది ఇంకెవరుంటారక్కా.

…గుండెనొప్పి కాదు, గుట్టెక్కాను. ఈ ముర్రే నది ఒడ్డున సిగ్నల్ కావాలంటే గుట్టమీద పాడుబడ్డ గాలిమర దాకా రావాలి. వచ్చినా ఒంటికాలి మీద నిలబడితేనే వినిపిస్తుంది.

…నవ్వు, బాగా నవ్వు.

ఆగు — ముందే చెప్తున్నా, ఇది సాయం కోసం చేసిన ఫోన్ కాదు.

…గుర్తుందిలే. నేనన్న మాటే కదా. "ఆదివారం దాకా అడవిలో ఒక్కదాన్నే ఉంటాను, సాయమని నీకు ఫోన్ చేస్తే నా బండి అమ్మేసెయ్" అని. బావ కూడా విన్నాడు. ఎందుకు వినడు, రెండేళ్లుగా ఆ క్యాంపర్ బండి మీ వాకిట్లో అడ్డంగా ఉందని గోలపెడుతున్నాడుగా.

…కొనేవాడు సోమవారం వస్తానన్నాడా? రానీ.

…నీళ్లున్నాయి. గ్యాసుంది. ఎండకి బ్యాటరీ నిండుతోంది. ఇక్కడ కుళాయి లేదు, చెత్తబుట్ట లేదు, మరుగుదొడ్డి లేదు, అద్దె కూడా లేదు. ఎవరి బతుకు వాళ్లు మూటగట్టుకుని రావాల్సిందే. నేను పారలు కూడా రెండు తెచ్చుకున్నాను. ఒకటి విరిగితే ఇంకోటని.

…లేదు, ఏమీ మర్చిపోలేదు.

…లేదన్నానా.

…కుర్చీ.

కూర్చునే కుర్చీ అక్కా. మడత కుర్చీ. మీ వరండాలో ఉండిపోయింది, చూడు…

…దాంట్లో కూర్చునే మాట్లాడుతున్నావా? బావుంది.

…"కుర్చీయే కదా" అనకు. ఇక్కడి పద్ధతి నీకు తెలీదు. సాయంత్రం అయిదయ్యేసరికి ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని నెగడు చుట్టూ చేరతారు. ఉప్పు మర్చిపోతే ఇస్తారు, అగ్గిపెట్టె మర్చిపోతే ఇస్తారు. కుర్చీ మర్చిపోయి క్యాంపుకొచ్చినదాన్ని మాత్రం ఎవరూ చూసుండరు.

…అడగొచ్చు. బడి క్యాంటీన్లో గరిటె పట్టుకుని "నీ చెంచా నువ్వే తెచ్చుకోవాలి" అని ముప్ఫయ్యేళ్లు పిల్లల మీద అరిచిన మనిషిని. ఏ మొహం పెట్టుకుని అడగను?

మొదటి సాయంత్రం తలనొప్పన్నాను. రెండో సాయంత్రం కడిగిన గిన్నెనే మళ్లీ మళ్లీ కడుగుతూ కూర్చున్నాను… కాదు, నించున్నాను. పక్క బండి మెర్విన్ వాళ్లావిడతో అంటుంటే నా చెవిన పడింది, "మనం ఆవిడ కంటికి ఆనంలే" అని. నేనక్కా. క్యాంటీన్ నోలీన్‌ని. ఒక్క కుర్చీ లేక దొరసానినైపోయాను.

…ఆ, ఏడ్చాను. తలుపేసుకుని. నువ్వన్నదే నిజం, ఈ వయసులో నాకీ వేషాలెందుకు, బండి అమ్మేద్దాం అనే పడుకున్నాను.

…విను ముందు. నిన్న ఏం చేశానంటే — నవ్వనని ఒట్టెయ్.

బండిలో డబ్బా మరుగుదొడ్డి ఉంది కదా. ఆ మూతున్నదే.

…ఛీ, కొత్తదే. వాడితే కడగాలని భయమేసి, పార పట్టుకుని పొదల్లోకే పోతున్నాను. దాన్ని చంకలో పెట్టుకుని, నువ్వల్లిన శాలువా పైన కప్పి, రెండో చేత్తో గ్లాసు పట్టుకుని మహారాణిలా నడిచెళ్లాను. నెగడు దగ్గర వేసుకుని కూర్చున్నాను.

…అవును, నీ శాలువాయే. ఉతుకుతాలే.

…మెర్విన్ వాళ్ల ముసలి కుక్క వచ్చి, చుట్టూ తిరిగి వాసన చూసి, శాలువా పట్టుకుని లాగేసింది. పరువు పోతుంటే చూస్తూ కూర్చున్నాను. లేస్తే ఇంకా బాగా కనిపిస్తుందని.

అప్పుడు మెర్విన్ నిమ్మళంగా అన్నాడు, "మనందరిలో తెలివైనది ఈవిడే. రాత్రంతా లేవక్కర్లేదు" అని.

…నవ్వావుగా. ఒట్టు తీసి గట్టున పెట్టావు.

…వాళ్లూ అలాగే నవ్వారు. నేనూ నవ్వాను, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. సాసేజీలు కాల్చారు. నా రొట్టె నిప్పుల్లో బొగ్గయింది, అయినా తిన్నారు, పాపం. నిప్పు ఆరేదాకా ఎవరూ లేవలేదు.

…ఏం మాట్లాడతాం. నీకెవరున్నారని అడిగారు.

…నువ్వున్నావని చెప్పాను.

అమ్మ పోయాక నా జడలు నువ్వే వేశావని. నీ కూర ఇప్పటికీ నోట్లో పెట్టుకోలేమని. వాన పడితే కిటికీలు వేశావా అని ఈ రోజుకీ ఫోన్ చేస్తావని. నువ్వు లేకుండా బతగ్గలనని నీకు చూపించడానికి ఇంత దూరం వచ్చి, రాత్రంతా నీ గురించే వాగాను. చివరికి నాకే విసుగొచ్చింది.

…అక్కా. ఉన్నావా?

…ఆ. సాయం కోసమే చేశాను. ఇందాక అబద్ధమాడాను.

…ఓడిపోయాను. పందెం పందెమే, సోమవారం ఆ మనిషిని రమ్మను. కానీ దానికి ముందు నువ్వు ఇక్కడికి రా. ఈ రాత్రీ, రేపు రాత్రీ ఈ బండిలో నాతోపాటు పడుకో. ఆ తర్వాత కూడా అమ్మెయ్యమంటే, తాళాలు నా చేత్తో నేనే ఇచ్చేస్తాను.

…బావకేం, రెండు రోజులు వండుకోలేడా?

…ఏంటీ?

…పెట్టె సర్దేశావా? ఎప్పుడు?

…నేను బయల్దేరిన రోజేనా?

…బావ కారులో పెట్రోలు కూడా పోయించి పెట్టాడా. బండి మీద ఒంటికాలి మీద లేచే ఆ మహానుభావుడే?

…మరి నువ్వే ఒక ఫోన్ చెయ్యొచ్చు కదా.

…పొగరు నీకు. ఇక నన్ననక్కర్లేదు, ఒకే తల్లి పిల్లలం.

…సరే. వంతెన దాటాక ఎడమవైపు మట్టిదారి. నెమ్మదిగా రా, కంగారూలు అడ్డొస్తాయి. నీ నీళ్లు నువ్వు తెచ్చుకో.

…ఉంటా. ఒక్కమాట — నేను ఫోన్ చేసుండకపోతే, ఆ పెట్టె ఏం చేసేదానివక్కా?

…

…ఏడవకు. కారు నడపాలి నువ్వు.