ఈఫ్కె అత్త తేల్చిన గోడ ఎత్తు

ఎవరూ, ఈఫ్కె అత్త గురించా? మా నాన్నకి అక్కమ్మా. లెక్కల్లో ఆవిడంత మనిషి ఈ రేవులో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నవ్వుకో, నాకేం. ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెప్పేది. పెళ్ళెందుకు చేసుకోలేదూ అంటే, అదో పెద్ద గొడవలే. సరే, మన రేవు చూశావుగా, సముద్రం వైపు వెడల్పు, లోపలికి వచ్చేకొద్దీ గరాటాలా సన్నం. ఆ సన్న కొసనే మా హెర్రింగ్ చేపలకి పొగబెట్టే కొట్లుండేవి. తుఫానొస్తే రేవులో నీళ్ళన్నీ తొట్టిలో నీళ్ళలా ఊగేవి. నీళ్ళు ఊళ్ళోకి రాకుండా కట్టిన గోడ ఎంత ఎత్తుండాలో తేల్చమని బాంగ్మా అనే ఇంజనీరుని పిలిపించారు. మంచివాడే, మెడ మాత్రం వంగదు. రేవంతా ఒకటే వెడల్పన్నట్టు మామూలు అలల లెక్క వేసి, ఉన్న గోడ చాలన్నాడు.

అత్త అప్పటికే ఆ శీతాకాలమంతా గోడ మీద కూచుని, గీతల కర్ర నీళ్ళలో దింపి కొలుస్తోంది. ఆయన తన లెక్క చెబుతుంటే ఊరి నిండు సభలో లేచింది. ఆయన పెద్దరికంగా, "టీచరమ్మగారూ, నీళ్ళకి లెక్కలు రావండీ" అన్నాడట. "నీళ్ళకి రాకపోతే పర్లేదు, మీకు రావాలి" అంది. ఇంకా ఏమందంటే, రేవులో నీళ్ళు ఒక్క తీరుగా ఊగవు, చాలా ఊగుళ్ళు కలిసి ఉంటాయి; ఏ ఊగుడు వాటా ఎంతో విడిగా తేలాలంటే, ఒకదాన్ని కొలిచేటప్పుడు రెండోది వేలు పెట్టకూడదు. ఏ రెంటినైనా తీసుకుని గుణించి, అక్కడక్కడి వెడల్పుతోనూ గుణించి, ఈ కొస నుంచి ఆ కొసదాకా కూడితే సున్నా రావాలి, మీ అలలతో చేసి చూపించండి, అంది. ఆయన బోర్డు మీద అరగంట కూడాడు. సున్నా రాలేదు. అప్పుడు అత్త తన పుస్తకం ఇచ్చింది. ఈ గరాటాకే సరిపోయే ఊగుళ్ళు, తను లెక్కగట్టినవి. కూడాడు. సున్నా. ఇంకో జత. సున్నా. సుద్దముక్క కింద పెట్టి, "గోడ ఎంత పెంచమంటారు?" అన్నాడు. రెండు మూరలంది. గోడ పని కాగితాల మీద కూడా, ఈ లెక్క నాది కాదు, ఈఫ్కె హూక్‌స్ట్రాది అని రాసి సంతకం పెట్టాడు. అదీ మగతనమంటే.

గోడ రెండు మూరలూ లేపారు. మరుసటి ఏడు అక్టోబరులో వచ్చింది తుఫాను. పక్క రేవులో పడవలు రోడ్డెక్కాయి. మనకి నీళ్ళు గోడ అంచుకి బెత్తెడు కిందిదాకా వచ్చి ఆగాయి. ఊరంతా గోడ మీదే. అత్త మాత్రం బళ్ళోనే ఉంది. బాంగ్మా తడిసిన బట్టలతో పరిగెత్తుకెళ్ళి, గోడ ఆగిందని చెప్పాడు.

"ఎంత కింద?" అంది.

"బెత్తెడు."

"మూరెడు ఉండాలే. ఏదో చిన్న ఊగుడు వాటా వదిలేశాను" అని, ఆయన్ని నిలబెట్టే పుస్తకం తీసింది.

అదీ మా అత్త... ఆ కిటికీ కాస్త వెయ్యమ్మా, గాలి తిరిగింది.