వెర్బు కోసం ఆగిన ఓడలు

తిరుమలేష్ మాటల్లో నిజమే ఉండదంటే పాపం తగులుతుంది. ఉంటుంది, సాంబారులో ఇంగువంత. స్కాట్లాండ్ వెళ్ళి లాలో పీజీ చేసిన మాట నిజం. తిరిగొచ్చి పోర్ట్ బ్లెయిర్ కోర్టులో నల్లకోటు వేసుకున్న మాటా నిజం. ఆ రెంటి మధ్య జరిగిందంటూ చెప్పేదంతా ఆయనగారి నోటి చలవ.

ఆ రోజు ఆ ఊరి మిడిల్ పాయింట్‌లో సీతాలు టీ కొట్టు రేకుల మీద వాన దంచేస్తోంది. టీకని వచ్చినవాళ్ళు కదల్లేరు. కదల్లేనివాళ్ళు దొరికితే తిరుమలేష్ వదలడు. బల్ల మీద కంట్రాక్టరు దానయ్య కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పొయ్యి దగ్గర సీతాలు, ఆమె పక్కన స్టూలు మీద కూతురు కావేరి.

కావేరికి టీ రుచి తెలియడం లేదు. తిరుమలేష్ చదివిన ఆ యూనివర్సిటీలోనే, అదే ఓడల చట్టాల చదువుకి, స్కాలర్‌షిప్‌తో సహా సీటొచ్చింది. వస్తానో రానో ఈ సాయంత్రం లోపల చెప్పెయ్యాలి. ఫోన్ ఒళ్ళో ఉంది, వేలు కదలడం లేదు. ఎంత లావు ఇంగ్లీషు పుస్తకమైనా చదివేస్తుంది, పరీక్షంటే రాసేస్తుంది. నలుగురిలో నోరు తెరవాలంటేనే నాలుక మడతపడిపోతుంది. అక్కడ తెల్లవాళ్ళ మధ్య లేచి మాట్లాడినప్పుడు ఒక్కడు కిసుక్కుమన్నా, ఇక ఏడాదంతా మూగదానిలా కూర్చోవడమే. ఆ భయం ఎవరితో చెప్పుకోవాలో తెలియక, వెళ్ళొచ్చిన మనిషి కదా అని అడిగింది.

"అక్కడ ఇంగ్లీషు ఎలాగుంటాది భయ్యా?"

పోయి పోయి తిరుమలేష్‌ని అడిగింది.

"ఏముందే చెల్లీ, నాను పెద్ద చేసిందేటీ నేదు," అని మొదలెట్టాడతను. అంత వినయంగా మొదలెట్టాడంటే ఇప్పట్లో తెమలదని దానయ్య ఇంకో టీ చెప్పుకున్నాడు. "మొదటిరోజు ప్రొఫెసరొచ్చి, ఓడంటే ఏటి అని అడిగినాడు. క్లాసంతా నేలచూపులే. నాను చెయ్యెత్తి, సార్, ఇంజనుంటే మా నాన్న డుంగీ పడవ కూడా ఓడే అన్నాను. గుడ్ అన్నాడు. అంతే. ఆ తర్వాత ఏటయిందో తెల్సా?"

"కూకోమనుంటాడు," అన్నాడు దానయ్య.

"ఆయనే కూకున్నాడు మావా! నా సీట్లో! డుంగీ గురించి నాకు తెలీదు, నువ్వే సెప్పు నాయినా అని మైకు నా సేతికిచ్చీసినాడు. ఏక్‌దమ్ పూర్తి క్లాసు నానే సెప్పినాను. మజ్జిలో ఒకడు గ్రామర్ తప్పు మాటాడినాడు, అక్కడ మా చెడ్డ స్ట్రిక్టులే, తీసుకుపోయి బయట మంచులో నిలబెట్టీసినారు. నాను మాత్రం అలాగ ఎల్తనే ఉన్నాను. నా ఇంగ్లీషు వేడికి కిటికీ అద్దాల మీద గడ్డకట్టిన మంచు కారిపోయింది. హీటరోడికి ఆ నెలంతా పని నేదు."

"ఓలమ్మో," అంది సీతాలు.

బయట మంచులో నిలబడ్డ ఆ కుర్రాడు కావేరి కళ్ళ ముందునుంచి పోవడం లేదు.

"ఇదేటి, లైబ్రరీ కథ ఇనాలి నువ్వు," అన్నాడు తిరుమలేష్. "నాను పేజీలు తిప్పే జోరుకి పక్కోళ్ళ కాగితాలు ఎగిరిపోయీవి. ఒరే బాబూ, నువ్వు పుస్తకం తీసేముందు ఒక కేకెయ్యి, మేం కాగితాల మీద బరువులు పెట్టుకుంటాం అని దండం పెట్టినారు. సరే, అదీ వదిలీ. అసలుది మూట్ కోర్టు."

"మూటేటి?" అన్నాడు దానయ్య.

"మూట కాదు మావా, మూట్. ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి జడ్జీలు, వాదన మాత్రం అసలుది. ఓడ మునిగింది, సరుకు పోయింది, తప్పెవడిదన్నది కేసు. ఐదుగురు జడ్జీలు ఎదర కూకున్నారు. నాను లేచి 'వేర్‌యాజ్' అని ఎత్తుకున్నాను. మన తెలుగులో క్రియ ఆఖర్న కదా వస్తాది? నాకదే అలవాటు. ఇంగ్లీషులో కూడా వెర్బుని ఆఖరికి దాసుకున్నాను. వేర్‌యాజ్ ఆ ఓడ, ఆ ఓడలో సరుకు, ఆ సరుకు మీద పడిన వాన, ఆ వాన కురిసిన మబ్బు, ఆ మబ్బుని తోలుకొచ్చిన గాలి... అలాగ ఎల్తనే ఉన్నాను, వెర్బు రాదు. లంచ్ బెల్ కొట్టినారు. ఒక్క జడ్జీ లెగలేదు. లెగిస్తే వెర్బు తప్పిపోద్దేమోనని భయం!"

"మరి తిండో?"

"ఎడమ సేత్తో తిన్నారు, కుడి సేత్తో రాసుకున్నారు. తెల్లారింది. రేడియోలో సెప్పీసినారు, ఇంకా వెర్బు రాలేదని. రేవులో ఓడలు ఎక్కడివక్కడ ఆగిపోయినాయి. తప్పు ఓడదో గాలిదో తేలకుండా ఏ కెప్టెను లంగరెత్తుతాడు? ఆ మర్నాడు పార్లమెంటు నుంచి మనిషొచ్చి, తలుపు సందులోంచి బుర్రెట్టి అడిగినాడు, బాబూ వెర్బొచ్చిందా, మేం సభ మొదలెట్టుకోవాల అని."

"వచ్చిందేటి బావూ?" అంది సీతాలు, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి. పాలు పొంగిపోతున్నాయి.

"రాకేటి! అలిసిపోయి, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా కూడదీసుకుని అన్నాను. 'హై' అని! హిందీ హై! కోర్టుకి కోర్టు లేచి నిలబడింది. రేవులో ఓడలన్నీ ఒక్కసారి హారన్ కొట్టినాయి. నా కోసం ఆ 'హై'ని ఇంగ్లీషులో కలిపీసుకున్నారు, సచ్చీ!"

కొట్టంతా గొల్లుమంది. కావేరికి మాత్రం నవ్వు రాలేదు. తిరుమలేష్ సంగతి ఆమెకి తెలియనిది కాదు. ముప్పాతిక వంతు కోతలని అక్కడికక్కడే తీసేసింది. కానీ మిగిలిన పాతికే ఆమెని కుంగదీస్తోంది. తెల్లవాళ్ళు, నేలచూపులు, బయట మంచు. ఎంత కోతలరాయుడైనా ఉత్తినే ఎందుకంటాడు? వద్దని రాసేద్దామని ఫోన్ తీసింది. తీసి, ఆగింది. ఎంతైనా వకీలు చదువు చదివిన పిల్ల. సాక్షిని రెండు ప్రశ్నలైనా అడగకుండా తీర్పు రాయబుద్ధి కాలేదు.

"భయ్యా, క్లాసులో నీ పక్కన ఎవులు కూకునీవోరు?"

"పక్కనా? చైనా పిల్ల."

"ఇటుపక్క?"

"నైజీరియావోడు. మంచోడు పాపం."

"ముందర?"

"బ్రెజిల్‌వోడు."

"ఎనకాల?"

"ఎనకాల గోడ. నాది ఆఖరి బెంచీ కదా."

దానయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మరి ఇంగ్లీషోళ్ళు ఎక్కడ కూకునీవోరు భయ్యా?"

తిరుమలేష్ ఒకసారి వాన వంక చూశాడు. "ఉన్నారు. ఎందుకుండరు? ఒకడొచ్చినాడు."

"ఏటి చదవడానికి?"

"చదవడానికి కాదులే. హీటర్ బాగుచెయ్యడానికి."

"పని నేదన్నావు కదరా ఆడికి!" అని దానయ్య బల్ల చరిచాడు. నవ్వులు సద్దుమణిగేదాకా కావేరి ఆగింది.

"ఆ ఐదుగురు జడ్జీలు?"

"మా క్లాసోళ్ళే. వంతులేసుకునీవోళ్ళం."

"మంచులో నిలబెట్టిన కుర్రోడు?"

"ఆడా? ఆడు సిగరెట్టుకి ఎల్లినాడు."

ఈసారి సీతాలు కూడా పొయ్యి వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కావేరి అసలు ప్రశ్న ఇంకా అడగలేదు. గొంతు సవరించుకుని మెల్లిగా అడిగింది.

"నువ్వు అలాగ వెర్బు ఆఖర్న పెట్టి మాటాడితే... ఎవులైనా నవ్వినారా భయ్యా?"

తిరుమలేష్ కోత కోద్దామని నోరు తెరిచాడు. పిల్ల మొహం చూసి, ఎందుకో మానుకున్నాడు.

"ఎవులు నవ్వుతారే? చైనా పిల్లకి అసలు వెర్బే ఉండదు. బ్రెజిల్‌వోడు సేతులతో మాటాడతాడు. మన బజార్‌లో హిందీ ఎలాగో అక్కడ ఇంగ్లీషలాగే చెల్లీ. బెంగాలీవోడిది ఒక రకం, రాంచీవోడిది ఒక రకం, మనది ఒక రకం. బేరం ఆగిందేటి ఎప్పుడైనా? రెండుసార్లు సెప్తే అందరికీ తెలిసిపోద్ది. ప్రొఫెసరుది గ్రీసు. ఆయనా రెండుసార్లే సెప్పీవోడు."

కావేరికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ తను భయపడింది లేని మనుషులకి! నవ్వుతారనుకున్న ఆ తెల్లమొహాలు అసలు ఆ గదిలోనే లేవు. ఉన్నవాళ్ళంతా తనలాగే, ఎవరి భాష వాళ్ళ ఇంట్లో పెట్టి వచ్చినవాళ్ళే. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫోన్ మీద 'వస్తున్నాను' అన్నచోట నొక్కేసింది.

"ఏటే, ఏటయింది?" అంది సీతాలు కంగారుగా.

"ఎల్తన్నానమ్మా."

సీతాలు చేతులు కొంగుకి తుడుచుకుని గుమ్మం వైపు తిరిగింది. అప్పుడే తడిసి ముద్దై లోపలికొచ్చిన బెంగాలీ చేపల వ్యాపారి మొదటివాడు దొరికాడు ఆమెకి.

"మేరా బేటీ విదేశ్ జాతా హై!" అని కొట్టు అదిరేలా చెప్పింది.

ఆడపిల్లకి ఆ మేరా, ఆ జాతా రెండూ అతకవని ఏ హిందీ పంతులైనా చెప్తాడు. వచ్చినాయన తల తుడుచుకుంటూ, "బోహుత్ అచ్ఛా దీదీ! కబ్ జాయేగా?" అని తనూ అలాంటి హిందీలోనే ఎప్పుడని అడిగాడు.

తల్లికి అవకాశమివ్వకుండా కావేరే జవాబు చెప్పింది, నవ్వుతూ, గట్టిగా, అందరికీ వినబడేలా.

"సెప్టెంబర్ మే జాయేగా, దాదా!"